మా వీధి ఏ చానెల్లో వస్తుంది?

2024 సెప్టెంబరు 2న, విజయవాడ వరదల్లో, మా పిన్నీ వాళ్ళూ సింగ్‌నగర్‌లో వాళ్ళ డాబా మీద ఉన్నారు. ఉన్నారనే అనుకుంటున్నాం. ముందురోజు మధ్యాహ్నం నుంచి ఎవరి ఫోనూ పలకడం లేదు. మేముండేది ఊరికి ఇటు చివర. మాకు నీళ్ళు రాలేదు, కరెంటు ఉంది, టీవీ ఉంది, సెట్‌టాప్ బాక్సులో మూడొందల పైచిలుకు చానెళ్ళున్నాయి. పొద్దున్నుంచీ రిమోటు నా చేతిలోనే ఉంది.

ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద అని ప్రతి చానెలూ చెప్పింది. బుడమేరు వాగు గండ్ల దగ్గర ఎవరెవరు నిలబడ్డారో చూపించారు. డ్రోన్ తీసిన వీడియో ఒకటే గంటకు నాలుగుసార్లు తిప్పి తిప్పి వేశారు. "అదే నీలం వాటర్ ట్యాంకు మళ్ళీ వచ్చింది చూడండి," అంది మా ఆవిడ. పైపుల రోడ్డు దగ్గర నీళ్ళెంత ఉన్నాయి, పడవ ఏ వీధి దాకా పోతోంది, తాగేనీళ్ళు ఎక్కడ ఇస్తున్నారు? ఈ మూడు ముక్కలు ఒక్కరూ చెప్పలేదు. సాయంత్రం కబురు తెచ్చింది పాల ప్యాకెట్లు పంచడానికి వెళ్ళిన కుర్రాడు. మా పిన్ని డాబా మీదే ఉందట. బీపీ మాత్రలు మాత్రం కింద నీళ్ళలో ఉన్నాయట.

ఆ రాత్రి నిద్ర పట్టక ఒకటే ఆలోచించాను. ఇదే ఊళ్ళో, ఇదే వైరులో, మా వీధిని చూపించే చానెల్ ఒకటుండేది కదా, అది ఏమైపోయింది?

ఇక్కడ నాకు నేనే అడ్డు చెప్పుకోవాలి. మునిగిన సింగ్‌నగర్‌లో కరెంటే లేదు. స్తంభం మీది యాంప్లిఫయర్‌కి కరెంటు లేకపోతే కేబుల్లో బొమ్మ రాదు. కాబట్టి పాత లోకల్ చానెల్ ఉన్నా మా పిన్నికి దక్కేది గుండుసున్నా. నిజమే. కానీ ఆ రోజు ఊళ్ళో సగం మంది నాలాగా పొడి నేల మీద కూర్చుని, మునిగిన సగం గురించి ఆరా తీస్తున్నారు. నేను మాట్లాడేది ఆ సగం గురించి.

నా వాదన ఇంతే. విజయవాడలో మనకు ఒకప్పుడు వీధి టీవీ ఉండేది. దాని పేరు అది కాకపోయినా పని అదే. అది పోయింది శాటిలైట్ చానెళ్ళ వల్లా కాదు, సెల్‌ఫోన్ల వల్లా కాదు. దాన్ని మనం ఎప్పుడూ మన హక్కుగా అడగలేదు, ఆపరేటర్ సరదాగా చూసుకున్నాం. సరదా తీరగానే పోయింది.

క్యాసెట్ల షాపు పైన గది

సత్యనారాయణపురంలో ఇప్పుడు బీఆర్‌టీఎస్ రోడ్డున్న చోట అప్పట్లో రైలు పట్టాలుండేవి. పట్టాలకు ఇవతల ఒక వీడియో క్యాసెట్ల షాపు. దాని ఓనర్ని పేటలో పిల్లలందరం కేబుల్ మావయ్య అనేవాళ్ళం. మొదట్లో ఆయన వ్యాపారం కలర్ టీవీ, వీసీపీ, నాలుగు క్యాసెట్లు కలిపి రాత్రికి అద్దెకివ్వడం. సమర్తకీ, షష్టిపూర్తికీ, వినాయకుడి పందిరికీ ఆయనే. ఒక వేసవిలో ఆయనకో సంగతి తట్టింది: టీవీని ఇంటింటికీ మోసేకంటే బొమ్మనే వైర్లో పంపితే రిక్షా ఖర్చు మిగులుతుంది. షాపు పైగదిలో వీసీఆర్ పెట్టాడు, డాబాల మీంచి నల్ల వైరు లాగాడు. పట్టాలకు అవతలివైపు వైరు దాటించడం మాత్రం చీకటి పడ్డాకే. ఒక కుర్రాడు చివరకు రాయి కట్టి విసిరితే అవతల ఇంకొకడు పట్టుకునేవాడు.

ఇది మా మావయ్య ఒక్కడి తెలివేం కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. అమెరికాలో కేబుల్ పుట్టింది కూడా ఇలాంటి షాపువాళ్ళ చేతుల్లోనే. 1948లో ఆరెగాన్ రాష్ట్రం ఆస్టోరియాలో ఎడ్ పార్సన్స్ అనే రేడియో స్టేషన్ ఆసామి హోటల్ కప్పు మీద యాంటెన్నా పెట్టి, సియాటిల్ సిగ్నల్ పట్టి, వైరుతో తన ఇంటికి తెచ్చుకున్నాడు. పెన్సిల్వేనియాలో కొండల మధ్య సిగ్నల్ అందని ఊళ్ళలో టీవీ సెట్లు అమ్మే జాన్ వాల్సన్, రాబర్ట్ టార్ల్టన్ లాంటివాళ్ళు కొండ మీద యాంటెన్నా నిలబెట్టి వైర్లు లాగారు. బొమ్మ వస్తేనే కదా సెట్టు అమ్ముడుపోయేది! దాన్ని వాళ్ళు 'కమ్యూనిటీ యాంటెన్నా' అన్నారు. మనవాళ్ళు 'డిష్షు కనెక్షన్' అన్నారు, ఇంట్లో డిష్షు లేకపోయినా.

1991 గల్ఫ్ యుద్ధం, స్టార్ టీవీ, 1992 అక్టోబరులో జీ టీవీ, ఆ పై ఏడాది సన్ టీవీ... ఈ వరస అందరికీ తెలిసిందే. తెలుగువాడికి ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. జెమిని, ఈటీవీ రెండూ వచ్చింది 1995లో. అంతవరకూ తెలుగంటే హైదరాబాద్ దూరదర్శన్ వేసే కొన్ని గంటలే. మిగతా పొద్దంతా డాబా మీది పన్నెండడుగుల డిష్షులోంచి వచ్చేది అర్థం కాని ఇంగ్లీషు, సగం అర్థమయ్యే హిందీ. కాబట్టి మా పేటలో పొద్దున్నుంచి రాత్రిదాకా తెలుగు మాట్లాడిన మొదటి టీవీ కేబుల్ మావయ్య వీసీఆరే. మా టీవీకి మీటలు ఎనిమిదే. ఆరో మీట ఆయనది.

ఇంటర్ చదివే రోజుల్లో నేను సాయంత్రాలు ఆ పైగదిలో ఉండేవాణ్ణి. దాన్ని కంట్రోల్ రూమ్ అనేవాళ్ళు. పేరు విని ఏదో అనుకోకండి: ఒక ఇనుప ర్యాకు, దాన్లో మాడ్యులేటర్లు, రెండు వీసీఆర్లు, ఒక చిన్న టీవీ, వేడికి ఎప్పుడూ తిరిగే టేబుల్ ఫ్యాను. ఫ్యాను మనుషులకు కాదు, ర్యాకుకి. నా పని అట్ట మీద స్కెచ్ పెన్నుతో రాయడం. 'ఆకుపచ్చ లంగా వేసుకున్న ఐదేళ్ళ పాప తప్పిపోయింది', 'రేపు ఉదయం మంచినీళ్ళు రావు', 'పదో తరగతికి లెక్కల ట్యూషన్', 'చీరల ఎగ్జిబిషన్ ఆఖరు రెండు రోజులు'. ఆ అట్టల్ని స్టాండుకి తగిలించి కెమెరా ఎదురుగా పెడితే సినిమా మధ్యలో వచ్చేవి. కంప్యూటర్ కొన్నాక కింద స్క్రోలింగ్ మొదలైంది, నా దస్తూరీకి పని పోయింది.

ఆదివారం మాత్రం కెమెరా బయటికి వెళ్ళేది. ముగ్గుల పోటీ, అయ్యప్ప పడిపూజ, స్కూలు యానివర్సరీ, ఒకసారి వార్డు మీటింగు. ఆ మీటింగులో ఒక పెద్దాయన డ్రైనేజీ గురించి నలభై నిమిషాలు మాట్లాడాడు. ఎడిటింగ్ మాకు రాదు కాబట్టి నలభై నిమిషాలూ వేశాం. పేటంతా చూసింది. ఎదురింటివాళ్ళు కనిపిస్తారేమోనన్న ఆశ అలాంటిది.

బతికున్నాయనకు శ్రద్ధాంజలి

ఒకసారి పెద్ద పొరపాటు జరిగింది. ఒక టైలర్ మాస్టారి షష్టిపూర్తికి వాళ్ళబ్బాయి ఫొటో ఇచ్చి వెళ్ళాడు. అదే రోజు ఇంకో ఇంటివాళ్ళు పెద్దకర్మ ప్రకటనకు ఫొటో ఇచ్చారు. ఏడింటికి స్లైడు పడింది: మాస్టారి బొమ్మ, చుట్టూ దండ, కింద 'అశ్రునయనాలతో శ్రద్ధాంజలి'. పది నిమిషాల్లో వాళ్ళింటి ముందు జనం పోగయ్యారు. ఒకాయన పూలదండ కూడా కొనుక్కొచ్చాడు. తలుపు తీసింది మాస్టారే.

మెడలో టేపు అలాగే ఉంది, నేరుగా కంట్రోల్ రూముకి వచ్చేశాడు. మెట్లెక్కిన ఆయాసంతో, "ఏమయ్యా, నేను పోయానంట? నాకు చెప్పలేదేం?" అన్నాడు. మావయ్య లేచి రెండు చేతులూ పట్టుకున్నాడు. నేను ర్యాకు వెనక్కి వెళ్ళాను, ఎందుకంటే ఆ అట్ట మీద ఫొటో అంటించింది నేనే. ఆ రాత్రి నుంచి మూడు రోజులు స్క్రోలింగ్ వచ్చింది: మాస్టారు క్షేమంగా ఉన్నారు, పొరపాటుకు చింతిస్తున్నాం. మాస్టారు పక్కనే కూర్చుని చూసి, "షాపు అడ్రసు కూడా వెయ్యండి" అన్నాడు. వేశాం.

ఇది నవ్వుకోవడానికి మాత్రమే చెప్పడం లేదు. ఈ మధ్య మా కాలనీ వాట్సాప్ గ్రూపులో, పక్క అపార్టుమెంటు లిఫ్టులో పిల్లాడు ఇరుక్కుని పోయాడని ఒక మెసేజ్ తిరిగింది. అలాంటిదేం జరగలేదు. మొదట ఎవరు పెట్టారో ఇప్పటికీ తెలీదు. మాస్టారికి ఎక్కాల్సిన మెట్లు ఎక్కడున్నాయో తెలుసు. ప్రతి నెలా ఒకటో తారీకున పుస్తకం పట్టుకుని మన గుమ్మం ముందు నిలబడే మనిషి నడిపే చానెల్ అది. తప్పు వేస్తే నెల డబ్బులు ఇవ్వరు, టీ దుకాణం దగ్గర తలెత్తుకు తిరగనివ్వరు. జర్నలిజం కోర్సుల్లో చెప్పే విలువలకంటే ఆ ఒకటో తారీకు భయం గట్టిది.

అంత మంచిదేం కాదు

పాతదంతా బంగారం అనే రకం కాదు నేను. ఆ చానెల్ బతికిందే దొంగ సినిమాల మీద. 1984లోనే కాపీరైటు చట్టాన్ని సవరించి వీడియోల్ని అందులోకి తెచ్చారు. కేబుల్లో క్యాసెట్ వేసినా అది జనానికి ప్రదర్శించడమే, హక్కుదారు అనుమతి ఉండాలి అని బొంబాయి హైకోర్టు 1989లో తేల్చింది. మా పేటలో ఆ తీర్పు సంగతి ఎవరికీ పట్టలేదు. మా ఎదురింటాయన గాంధీనగర్లో ఒక డిస్ట్రిబ్యూటర్ ఆఫీసులో గుమాస్తా. ఒక శుక్రవారం వాళ్ళు రిలీజు చేసిన సినిమా సోమవారం రాత్రి ఆరో మీట మీద వచ్చింది. ఆయన పది నిమిషాలు చూసి, కుర్చీ ఎక్కి, వైరు పీకేశాడు. మర్నాటి నుంచి ఆయన పిల్లలు మా ఇంట్లో చూసేవాళ్ళు. ఆయనకు తెలుసు, ఏమీ అనలేదు. ఆయన జీతం మీద పడ్డ దెబ్బలో మా నెల చందా వాటా కూడా ఉంది. అందుకని ఆ రోజుల్ని స్వర్ణయుగం అనడానికి నాకు నోరు రాదు.

ఏరియాల గొడవలు సరే సరి. రాత్రికి రాత్రి వైర్లు కోసేవాళ్ళు. పొద్దున్నే నిచ్చెన, ప్లయర్లు తీసుకుని స్తంభం స్తంభం వెతకడమే. తర్వాత చిన్న కంట్రోల్ రూములు ఒక్కొక్కటే పెద్దవాళ్ళ చేతిలోకి పోయాయి. మావయ్య లాంటివాళ్ళు లింకు ఆపరేటర్లయ్యారు, అంటే సిగ్నల్ వాళ్ళది, వసూలు వీళ్ళది. 'లోకల్' అంటే వీధి కాదు, ఊరంతా అయింది. డ్రైనేజీ పెద్దాయన నలభై నిమిషాల జాగాలో నాయకుల పుట్టినరోజు శుభాకాంక్షలు వచ్చాయి.

నన్ను ఇంకా ఇబ్బంది పెట్టే సంగతి వేరే ఉంది. తెరమీదికి వచ్చిందెవరు? కొండమీది ఇళ్ళకు వైరు వెళ్ళింది, నెలనెలా వసూలుకి మనిషీ వెళ్ళాడు. కెమెరా ఎక్కలేదు. మెట్లు ఎక్కువనేవాళ్ళం. ఆడవాళ్ళు కనిపించింది ముగ్గుల పోటీలోనే. అందులోనూ ముగ్గూ, ముగ్గుపిండి పట్టుకున్న చెయ్యీ కనిపించేవి గానీ ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడించలేదు. కెమెరా మోసినవాడిగా నా తప్పు కూడా అందులో ఉంది.

అందుకే నాకు కావలసింది ఆ చానెల్ మళ్ళీ రావడం కాదు. ఆ చానెల్లో కూర్చునే హక్కు మావయ్యకో, నాయకుడికో కాకుండా కొండమీది ఇంటికి ఉండడం.

స్తంభం ఎవరిది?

కేబుల్ వైరు గాల్లో తేలలేదు. కరెంటు స్తంభాల మీంచి, మునిసిపాలిటీ రోడ్ల మీంచి, మా డాబా పిట్టగోడ మీంచి, మా కొబ్బరిచెట్టు మీంచి పోయింది. మా అమ్మ దాని మీద తడిగుడ్డలు ఆరేసేది. ఇన్ని వాడుకున్నందుకు బదులుగా ఏమైనా ఇవ్వాలని మనమెవరం అడగలేదు.

అమెరికా ఊళ్ళు అడిగాయి. మా వీధుల్లో వైరు వేసుకోవాలంటే మా జనానికి చానెల్ వదలాలి అన్నది వాళ్ళ బేరం. వర్జీనియాలో డేల్ సిటీ అనే కాలనీలో 1968లోనే స్థానికులు నడిపే చానెల్ మొదలై, రెండేళ్ళలో ఆగిపోయింది. న్యూయార్కులో 1971 జూలై నుంచి కేబుల్ కంపెనీలు పబ్లిక్ చానెళ్ళు ఇచ్చాయి: ఎవరైనా వచ్చి, ముందొచ్చినవాళ్ళకి ముందు అనే పద్ధతిలో, తమ కార్యక్రమం వేసుకోవచ్చు. 1972లో అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ వంద పెద్ద మార్కెట్లలో కొత్త కేబుల్ వ్యవస్థలు జనానికొకటి, చదువుకొకటి, స్థానిక ప్రభుత్వానికొకటి చానెల్ ఇవ్వాలంది. 1979లో సుప్రీంకోర్టు ఆ నిబంధన కొట్టేసింది. 1984 చట్టం మళ్ళీ ఆ అధికారాన్ని ఊళ్ళకు ఇచ్చింది. ఆ చానెళ్ళలో వచ్చినవన్నీ గొప్పవేం కావు. పిచ్చి ప్రోగ్రాములు బోలెడు, చూసేవాళ్ళు తక్కువ. అయినా పోయిన ప్రతిసారీ మళ్ళీ అడగడానికి వాళ్ళ చేతిలో ఒక కాగితం ఉంది.

మన కాగితం చూడండి. 1995 ఫిబ్రవరిలో మన సుప్రీంకోర్టు, క్రికెట్ ప్రసారాల కేసులో, గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని గొప్ప మాట చెప్పింది. అదే ఏడాది కేబుల్ చట్టం వచ్చింది. ఆపరేటర్ హెడ్ పోస్టాఫీసులో రిజిస్టర్ చేసుకోవాలన్నారు (2025లో అది ఆన్‌లైన్‌కి మారింది), ఏవి వెయ్యకూడదో చెప్పే ప్రోగ్రాం కోడ్ పాటించాలి. ఎనిమిదో సెక్షన్ ప్రకారం దూరదర్శన్ చానెళ్ళు తప్పనిసరిగా వెయ్యాలి. అంటే వైర్లో ప్రభుత్వానికి సీటు రిజర్వు చేశారు. స్తంభం కింద బతికేవాళ్ళకు చెయ్యలేదు. నా గొడవంతా ఈ ఒక్క ఖాళీ గురించే.

ఇలా చెయ్యడం తెలియక కాదు. రేడియోలో చేశారు కదా. 2002లో విద్యాసంస్థలకీ, 2006లో స్వచ్ఛంద సంస్థలకీ కమ్యూనిటీ రేడియో తలుపు తెరిచారు. జహీరాబాద్ దగ్గర సంఘం రేడియోని 2008 నుంచి దళిత మహిళలు నడిపారు. వాళ్ళు మైకు ముందు కూర్చోగలిగినప్పుడు మా కొండమీది ఆడవాళ్ళు కెమెరా ముందు ఎందుకు కూర్చోలేరు? వార్తలు చెప్పడానికి అక్కడా సంకెళ్ళున్నాయి, అది వేరే పేచీ.

తర్వాత డిజిటలైజేషన్, అంటే ఇంటింటికీ సెట్‌టాప్ బాక్సు. మా ఊరి లాంటి పట్టణాలకు గడువు 2015 డిసెంబరు 31 అన్నారు, తర్వాత పొడిగించారు. బొమ్మ బాగుపడింది, కాదనను. కానీ సిగ్నల్ పెద్ద కంట్రోల్ రూములోనే తాళం వేసుకుని బయల్దేరుతుంది, మన ఇంట్లో బాక్సులోనే తాళం తీస్తుంది. మధ్యలో లింకు ఆపరేటర్ తన బొమ్మ దూర్చే సందు లేదు. ఆరో మీట అలా మూతపడింది. 2022 నవంబరులో కేంద్రం లోకల్ చానెళ్ళకు కొత్త మార్గదర్శకాలిచ్చింది. చానెల్‌కి వెయ్యి రూపాయల రిజిస్ట్రేషన్, ఆపరేటర్ వెయ్యగల మొత్తం చానెళ్ళలో ఇవి 5 శాతం మించకూడదు, స్థానిక వార్తలు వెయ్యాలంటే కంపెనీ అయ్యుండాలి. వెయ్యి రూపాయలు చాలా చవక, నిజమే. కానీ ఆ చవక పెద్ద ఆపరేటర్‌కి. నేనూ, మా కాలనీ సంఘమూ ఆ లెక్కలో మళ్ళీ లేం.

మన రాష్ట్రానికి ఇంకో అవకాశం కూడా వచ్చింది. ఏపీ ఫైబర్‌నెట్, 2017 డిసెంబరులో మొదలైంది. 149 రూపాయలకు నెట్టు, ఫోను, టీవీ అన్నారు. కరెంటు స్తంభాల మీదుగా ప్రభుత్వమే లాగిన వైరు అది. బేరం ఆడాల్సిన ప్రైవేటువాడు కూడా మధ్యలో లేడు. మండలానికొక చానెల్, దానికి పంచాయతీ నుంచి ఇద్దరు, డ్వాక్రా సంఘం నుంచి ఇద్దరు అని అప్పుడు ఎవరైనా అడిగి ఉంటే? నేను అడగలేదు. ధర గురించి మాత్రం మా ఆపరేటర్‌తో గొడవ పెట్టుకున్నాను.

"ఇప్పుడు యూట్యూబ్ ఉందిగా" అంటాడు మా అబ్బాయి. ఉంది. వీధికో మైకు, మైకుకో లోగో ఉన్నాయి. వరదప్పుడు కొందరు కుర్రాళ్ళు నడుముల్లోతు నీళ్ళలో నిలబడి తీసిన వీడియోలు పెద్ద చానెళ్ళకంటే నయం. కానీ అవి నా ఫోనులోకి వచ్చింది మూడు రోజుల తర్వాత. అప్పటికి పిన్ని మా ఇంట్లో కాఫీ తాగుతోంది. ఆరో మీట నొక్కితే పక్కవీధి వచ్చేది, అందరికీ ఒకేసారి, అడక్కుండానే. యూట్యూబులో నాకేది చూపించాలో ఇంకెవరో తేలుస్తున్నారు. వాళ్ళకి పైపుల రోడ్డు ఎక్కడుందో తెలీదు.

ఇంగ్లండులో స్విండన్ అనే ఊళ్ళో 1973లో ఇలాంటి కేబుల్ చానెల్ ఒకటి మొదలైంది. కొన్నేళ్ళకు నడిపే కంపెనీ తప్పుకుంటూ దాన్ని ఒక్క పౌనుకి ఊరివాళ్ళకు అప్పగించింది. అప్పటి మనుషులు, అప్పటి గొడవలు ఉన్న ఆ ఫిల్ములు ఇప్పటికీ దాచారు, నెట్లో చూడొచ్చు. అవి చూసిన ఊపులో మొన్న సంక్రాంతికి కేబుల్ మావయ్య దగ్గరికి వెళ్ళాను. ఇప్పుడు వాళ్ళబ్బాయి నెట్ కనెక్షన్లు చూసుకుంటున్నాడు. మనిషి బాగా వంగిపోయాడు.

"ఆ వార్డు మీటింగు క్యాసెట్ ఉందా మావయ్యా?" అన్నాను.

"ఏరా, ఇన్నేళ్ళకా!" అని బీరువా అడుగునుంచి మూడు క్యాసెట్లు తీశాడు. లోకల్ ప్రోగ్రాములకు ఆ మూడేనట మొత్తం. లేబుళ్ళు ఒకదానిమీద ఒకటి అంటించి అట్టలా దళసరిగా ఉన్నాయి. పైన 'పడిపూజ' అని ఉంది. గోటితో మెల్లగా లేపాను. కింద 'స్కూలు డే'. దాని కింద 'ముగ్గులు', నా దస్తూరీయే. ఇంకా కింద సగం చిరిగి 'వార్డు మీ' అని కనపడింది.

"ఉంది మావయ్యా, ఇదే!" అన్నాను.

ఆయన కళ్ళజోడు సవరించుకుని చూశాడు. "కొత్త క్యాసెట్లు కొనే స్తోమత ఎక్కడేడిసిందిరా? వారం వారం దాని మీదే తీసేవాళ్ళం," అన్నాడు. "లోపల ఉండేది పై లేబుల్ ఒక్కటే."